వేయించిన రవ్వ, ఐదు ఇనప పొట్టేళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఆయన పెళ్లైన నాలుగో రోజే కనిపెట్టి, అప్పట్నుంచీ కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతూ వచ్చారు. అందుకని ఈసారి నేనే ముందుగా చెప్పేస్తున్నాను. డెబ్భైల చివర అమెరికా వచ్చి ఇర్వింగ్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో నా కోపానికి కారణం ఒక్కటే, పని లేకపోవడం. కాకినాడలో ఆరేళ్లపాటు కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌గా చేసినదాన్ని. స్క్రూగేజీ చేతికిస్తే వెంట్రుక మందం చెప్పగలిగినదాన్ని. అలాంటిదాన్ని తీసుకొచ్చి అపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి, పొద్దున్నే కారేసుకుని ఆయన డ్రాఫ్టింగ్ ఆఫీసుకి వెళ్లిపోయేవారు. ఎటు చూసినా హైవేలే. కారు లేని మనిషి పాలడబ్బా కూడా తెచ్చుకోలేని ఊరది.

ఒకరోజు బట్టలు ఉతకడానికి లాండ్రీ రూమ్‌కి వెళితే గోడకి ఒక కాగితం అతికించి ఉంది. సన్నగా కొలవడం తెలిసిన మనిషి కావాలి, ఓపిక ఉండాలి అని రాసుంది. ఓపిక సంగతి పక్కన పెట్టి ఫోన్ చేశాను. అడ్రస్ రెండు వీధుల అవతలే. నడిచి వెళ్లొచ్చు. ఆ ఊళ్లో అంతకు మించిన అదృష్టం ఉండదు.

తీరా వెళితే అది ఒక ఇంటి పెరట్లో ఉన్న రేకుల షెడ్డు. లోపల ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషీను, గోడ పొడవునా బల్ల. బల్ల మీద విప్పేసిన రివాల్వర్లు. నా గుండె ఆగినంత పనైంది. షెడ్డు యజమాని అరవై దాటిన పొడుగాటి మనిషి. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా పట్టీలు, పళ్ల మధ్య ఒక పుల్ల. ఆయన నా మొహం చూడనేలేదు. ఒక ఇత్తడి గొట్టమూ మైక్రోమీటరూ నా చేతిలో పెట్టారు. కొలిచి చెప్పాను. మరోటి ఇచ్చారు. అదీ చెప్పాను. పదో గొట్టం అయ్యాక అప్పుడు తలెత్తి చూసి, "సోమవారం రా అమ్మాయ్," అన్నారు.

ఇంటికొచ్చి చిందులు తొక్కాను.

"ఏమండీ, అది తుపాకుల కొట్టు!"

"అయితే?"

"అయితే ఏంటి? మా నాన్నకి ఏమని రాయను? మీ అమ్మాయి అమెరికాలో తుపాకులు చేస్తోందని రాయనా?"

"కొలుస్తోందని రాయి. చేసేది ఆయన కదా," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. "అయినా నీ చేతికి తుపాకీ ఇచ్చేంత ధైర్యం ఎవరికుంటుందిలే."

ఆ మాటకి రెండు రోజులు మాట్లాడలేదు. సోమవారం మాత్రం వెళ్లాను.

వెళ్లాక తెలిసింది, అది కొట్టు కాదు, ఒక మనిషి పిచ్చి. ఆయన జీవితమంతా ఒక పనిముట్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆరేళ్లుగా ఒకటే పని. ఫ్యాక్టరీలో తయారైన రివాల్వర్ కొనడం, దాని బ్యారెలూ తూటాలు కూర్చునే సిలిండరూ తీసి అవతల పారేయడం, తన సొంత ఉక్కుతో కొత్తవి తొలిచి పెట్టడం. మామూలు రివాల్వర్ సిలిండర్‌కి ఆరు అరలుంటాయి. ఈయన పెట్టేది ఐదే. ఎందుకంటే ఈయన తూటా నా బొటనవేలంత లావు. ఆరు అరలు పెడితే మధ్య గోడలు పలచబడి పేలిపోతాయి. ఆ తూటా ఏ ఫ్యాక్టరీ చేయదు, ఏ కొట్లోనూ దొరకదు. ఇలా ఎవరికి వాళ్లు ఇంట్లో పుట్టించుకున్న తూటాలని ఈ తుపాకుల వాళ్లు వైల్డ్‌క్యాట్ అంటారు. దొరకని వస్తువు కనుక, మందూ గుండూ పట్టుకుని ఉండే ఖాళీ ఇత్తడి గొట్టం దగ్గర్నుంచీ అంతా చేతిపనే. ఏదో పాతకాలపు పెద్ద రైఫిల్ తూటా గొట్టాన్ని తెచ్చి, సగానికి కోసి, తన అరకి సరిపోయేట్టు ఉబ్బించాలి.

ఆ ఉబ్బించే పద్ధతి చూసిన రోజు నేను నోరు వెళ్లబెట్టాను. గొట్టం అడుగున కొంచెం తుపాకి మందు వేశారు. దాని మీద ఒక అట్టడబ్బాలోంచి తెల్లటి పొడి నింపారు. పైన మైనంతో బిరడా వేశారు. గుండు లేదు. షెడ్డు వెనక్కి వెళ్లి ఇసుక పీపాలోకి ఢామ్మని పేల్చారు. బయటికి తీసిన గొట్టం నిగనిగలాడుతూ అర ఆకారానికి వచ్చేసింది. నా కళ్లు మాత్రం ఆ అట్టడబ్బా మీదే ఉన్నాయి. ఇక్కడివాళ్లు పొద్దున్నే పాలల్లో జావ కాచుకునే గోధుమ రవ్వ డబ్బా అది. మాకు తెలిసిన ఇండియన్ కొట్టు హైవే మీద ముప్పావుగంట దూరం. అక్కడి బొంబాయి రవ్వలో రవ్వకన్నా పురుగులెక్కువ. అందుకని మా ఇంట్లో ఉప్మా అంటే ఈ డబ్బానే.

"సార్, తినే రవ్వ తగలేస్తున్నారా!" అని కేకేశాను.

ఆయనకి ఏళ్లతరబడి పేల్చి పేల్చి ఒక చెవి పోయింది. రెండో చెవి నా వైపు తిప్పి, "ఇది తింటారా ఎవరైనా?" అన్నారు. చిన్నప్పుడు వాళ్లమ్మా, పెళ్లయ్యాక వాళ్లావిడా బలవంతంగా తినిపించారట, అసలు గిట్టదట. గొట్టం అంతా సమానంగా నిండి, మందు తోసినప్పుడు అన్ని వైపులా ఒకేలా ఒత్తేది ఇదొక్కటే అన్నారు.

ఉద్యోగం ఎన్నాళ్లని అడిగితే సూటిగా చెప్పారు. "అక్టోబరు దాకా గ్యారంటీ. ఆ తర్వాత పొట్టేళ్లని అడగాలి."

పొట్టేళ్లంటే ఇనప పొట్టేళ్లు. ఊరికి గంట దూరంలో ఒక మైదానం ఉంది. అక్కడ నెలకోసారి పోటీ. మందపాటి ఇనప రేకుతో కోసిన కోళ్లూ పందులూ టర్కీలూ పొట్టేళ్లూ ఐదేసి చొప్పున వరసగా నిలబెడతారు. కోళ్లు దగ్గర, పొట్టేళ్లు అన్నింటికన్నా దూరం, రెండువందల మీటర్లు. గుండు తగిలితే చాలదు, బొమ్మ పడిపోవాలి. పొట్టేలు ఒక పట్టాన పడదు. ఈయనకి మాత్రం పొట్టేళ్ల మీదే కన్ను. ఐదు అరల రివాల్వర్‌తో, తను పుట్టించిన తూటాతో, ఐదు గుళ్లకి ఐదు పొట్టేళ్లూ పడాలి. ఆరేళ్లలో ఎప్పుడూ రెండు దాటలేదు. వాళ్లావిడ చెల్లెలు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో ఉంటుంది. ఆవిడకి అక్కడికి వెళ్లిపోవాలని ఉంది. చివరికి ఈయన మాటిచ్చారు. అక్టోబరు పోటీలో ఐదూ పడకపోతే లేత్ అమ్మేసి, షెడ్డు మూసేసి, ఆవిడ వెంట వెళ్లిపోతానని. లేత్ కొంటానన్న మనిషి అప్పటికే ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. లేత్‌తో పాటు నా ఉద్యోగం కూడా పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

పెద్దావిడ మంచి మనిషి. సన్నగా, తక్కువ మాటలతో, ఎప్పుడూ ఏదో ఒకటి ఓవెన్లో పెట్టి ఉండేవారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆరేళ్లు పెరట్లో ఢాం ఢాం అంటుంటే నేనైతే ఆరు రోజులకే పుట్టింటికి వెళ్లిపోయేదాన్ని.

నా పని గొట్టాలు కొలిచి వేరు చేయడం. ఆయనిచ్చిన ప్లాస్టిక్ ట్రేలు నచ్చక, కాకినాడ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న చేట పట్టుకెళ్లాను. యాభై గొట్టాలు చేటలో పోసుకుని, ఒక్కోటీ కొలిచి, బాగున్నవి ఇటు, వంకరవి అటు. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరే పనే. ఏరడం బాగానే ఉంది కానీ, బెడ్డలే ఎక్కువ తేలేవి. యాభైలో పన్నెండో పదమూడో నిలిచేవి. మిగతావి ఒక పక్క ఉబ్బి ఒక పక్క ఉబ్బక, కొన్ని అంచు చీలి వచ్చేవి. అలాంటి గొట్టాల్లో గుండు పెట్టి పేలిస్తే ఒకటి ఆకాశానికి, ఒకటి నేలకి.

ఆయన ఉక్కుని అనుమానించారు. అర తొలిచిన పనిముట్టుని అనుమానించారు. ఆఖరికి చేతులు చాపి చూసుకుంటూ తన చేతుల్నే అనుమానించడం మొదలుపెట్టారు. అది చూసి ఉండబట్టలేక, "మీ చేతులకేం సార్, గుండ్రాళ్లలా ఉన్నాయి!" అని కసిరాను. ఆయన నవ్వలేదు.

సెప్టెంబరు మధ్యలో వానలు పట్టుకున్నాయి. పోటీకి మూడు వారాలుంది. ఒక మధ్యాహ్నం ఎడతెరిపి లేని వాన. పని సాగడం లేదు. షెడ్డులో మా ఇద్దరి మొహాలూ వేలాడుతున్నాయి. నాకు ఆకలేస్తే ఇంకా కోపం. బల్ల మీద రవ్వ డబ్బా కనిపించింది. ఎలాగూ తగలేసేదే కదా అనుకుని, పెద్దావిడని అడిగి ఒక బాణలీ, ఉల్లిపాయలు, ఇక్కడి లావుపాటి పచ్చిమిరపకాయలు తీసుకుని, మూలనున్న కాఫీ స్టవ్ మీద ఉప్మా చేసేశాను. రవ్వ వేస్తుంటే అందులో ఉండలు తగిలాయి. వానకి చెమ్మ పట్టిందన్నమాట. ఉండలు చిదిమి వేశాను, అంతకన్నా ఆలోచించలేదు.

చిన్నప్పట్నుంచీ ఆ రవ్వ గిట్టని మనిషి మూడుసార్లు పెట్టించుకున్నారు. "నలభై ఏళ్లు దీన్ని పాలల్లో ముంచి పాడు చేశాం," అన్నారు పెద్దావిడతో. ఆవిడకి నవ్వొచ్చింది. డబ్బా ఖాళీ. రెండో డబ్బా కూడా విప్పాల్సి వచ్చింది. అదీ ఖాళీ.

మర్నాడు పొద్దున పెద్దావిడ కారేసుకుని చెల్లెలి ఊరికి వెళ్లారు. మా కారు మా ఆయనతో ఆఫీసుకి పోయింది. ముసలాయన ఉబ్బించాల్సిన గొట్టాలు వరసగా నిలబెట్టి, డబ్బా కోసం చెయ్యి చాపారు. డబ్బా లేదు.

"రవ్వ ఏది?"

"తిన్నాం కదండీ నిన్న."

ఆయన పుల్ల నోట్లోంచి జారిపడింది. ఆ రోజు గొట్టాలు కాకపోతే గుళ్లు ఎక్కించడానికీ పరీక్షించడానికీ రోజులు చాలవు. నా తిండి మీద నాకే కోపం వచ్చింది. గొడుగు కూడా లేకుండా రెండు వీధులూ పరిగెత్తి, మా వంటింట్లో రవ్వ పోసుకున్న రేకు డబ్బా పట్టుకొచ్చాను. మా అమ్మ అలవాటే నాదీ. రవ్వ కొన్నరోజే పొడి బాణలిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక డబ్బాలో పోసి, పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు పడేస్తాను. ఆ మిరపకాయలు మాత్రం ఏరేసి, డబ్బా ఆయన చేతికిచ్చాను.

మొదటి గొట్టం నింపి, మైనం వేసి, వెనక్కి వెళ్లి పేల్చారు.

ఢాం.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మొదలైంది దగ్గు. ఆయన దగ్గారు. నేను దగ్గాను. కంచె అవతల పక్కింటాయన దగ్గాడు. పక్కింటి కుక్క వరసగా తుమ్మింది. నేను ఏరేసింది కాయల్ని. గింజలూ తొక్కముక్కలూ రవ్వలోనే ఉండిపోయాయి! కళ్లలో నీళ్లు కారుతూ ఆయన అడిగారు, "ఏం పెట్టావు అమ్మాయ్ ఇందులో? నన్ను చంపుతావా?"

ఉన్నమాట చెప్పేశాను. మా ఇళ్లల్లో మనిషికి దిష్టి తగిలిందనుకుంటే ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తాం. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఇలా అందరూ దగ్గారంటే ఏ దిష్టీ లేనట్టు.

"అంటే నా రివాల్వర్‌కి ఏ రోగం లేదంటావు?"

"లేదండీ. కుక్క కూడా సాక్ష్యం చెప్పింది."

ఆయన నవ్వారు. మామూలుగా కాదు, పీపా పట్టుకుని, వంగిపోయి, దగ్గుతో కలిపి నవ్వారు. ఆయన్ని చూసి నేనూ ఆపుకోలేకపోయాను. సరిగ్గా అప్పుడే పెద్దావిడ కారు వచ్చి ఆగింది. వానకి దారి మూసేశారని మధ్యలోంచే తిరిగొచ్చేశారట. ఆవిడ కారు దిగి, గేటు పట్టుకుని మమ్మల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఒకసారి తుమ్మి లోపలికి వెళ్లారు.

మిగతా రవ్వ జల్లించి, మొత్తం యాభై గొట్టాలూ ఉబ్బించాం. చేటలో పోసుకుని కొలవడం మొదలుపెట్టాను. మొదటిది బాగుంది. రెండోదీ, పదోదీ. ఇరవై అయ్యేసరికి మైక్రోమీటర్ పాడైందేమోనని ఇంకోటి తెచ్చి కొలిచాను. యాభైలో వంకరవి మూడు.

అప్పుడు వెలిగింది బుర్రలో దీపం. నిన్నటి ఉండలు! చెమ్మ పట్టిన రవ్వ గొట్టంలో ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా కూర్చుంటోంది. ఇక ఒత్తిడి సమానంగా ఎక్కడొస్తుంది? వేయించిన రవ్వ పొడిపొడిగా ఇసుకలా జారి నిండుతోంది. చెప్పగానే నమ్మే మనిషి కాదాయన, నమ్మించకుండా ఊరుకునే మనిషిని కాదు నేను. కొత్త డబ్బా తెప్పించి, పది గొట్టాలు పచ్చి రవ్వతో, పది వేయించినదానితో చేయించాను. పచ్చివాటిలో ఏడు వంకర. వేయించినవాటిలో ఒక్కటీ లేదు. ఆయన ఆ రెండు వరసల్నీ చాలాసేపు చూశారు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, "ఆరేళ్లు అమ్మాయ్," అన్నారు. "ఆరేళ్లు నా చేతుల్ని తిట్టుకున్నాను." నాకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక, స్టవ్ మీద బాణలి ఎవరు కడుగుతారని అరిచాను.

పోటీ రోజున మా ఆయన కూడా వచ్చారు, నన్ను డ్రైవ్ చేసి తీసుకొచ్చానన్న వంకతో. నిజానికి పొట్టేళ్లు చూడాలని ఆయనకే సరదా. వానలు వెలిశాయి కానీ మైదానమంతా బురద. కోళ్లూ పందులూ టర్కీలూ ఏవో కొన్ని పడ్డాయి, కొన్ని పడలేదు, ఎవరికీ పట్టలేదు. పొట్టేళ్ల వంతు వచ్చింది. పెద్దావిడ దూరదర్శినికి కన్ను ఆనించి కూర్చున్నారు. ముసలాయన నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాలు మడిచి, కాలికి ఆనించి రివాల్వర్ పట్టుకున్నారు. ఐదు అరల్లో మేము చేసిన ఐదు తూటాలు.

మొదటి గుండు. అంత దూరం నుంచి గుండు తగిలిన టంగుమనే చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది. పొట్టేలు వెనక్కి పడిపోయింది. రెండోది పడింది. మూడోది పడింది. అక్కడున్నవాళ్లంతా ఆయన వైపే తిరిగారు. నాలుగోది పడింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బహుశా నేనే పట్టుకున్నానేమో.

ఐదోది. టంగ్. పొట్టేలు వెనక్కి ఊగింది. ముందుకి ఊగింది. నిలబడింది.

"తగిలిందయ్యా!" అని నేను తెలుగులోనే కేకలు మొదలుపెట్టాను. "చెవులు లేవా మీకు? టంగుమని వినపడలేదా? దాని కాళ్లు బురదలో దిగబడ్డాయి, చూడండి!" స్కోరు రాసే ఆయన బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఆయన, "ఊరుకోవే, రూల్ అది, పడితేనే లెక్క," అంటూ నా కొంగు పట్టుకుని లాగుతున్నారు. నిజంగానే రూల్ అది. నాలుగు అని రాసుకున్నారు.

ముసలాయన లేచి, బట్టలకంటిన బురద దులుపుకోకుండానే రివాల్వర్ ఖాళీ చేసి పెట్టెలో పెట్టారు. వాళ్లావిడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "మాట మాటే. సోమవారం అతనికి ఫోన్ చేస్తాను, లేత్ పట్టుకెళ్లమని," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. మొహం చూడలేక నేను మైదానం వైపు తిరిగాను.

పెద్దావిడ తాళాలు తీసుకుని కారు దగ్గరికి నడిచారు. మేము వెనకాలే వెళ్లాం. ఆవిడ డిక్కీ తెరిచారు. నిండా అట్టడబ్బాలు, ఒకదాని మీద ఒకటి. అన్నీ గోధుమ రవ్వే.

"ఇవి ఎప్పుడు కొన్నావు?" అన్నారాయన.

"మీరిద్దరూ పీపా దగ్గర పడీ పడీ నవ్విన రోజు, సాయంత్రం వెళ్లి కొన్నాను," అన్నారావిడ. "ఆరేళ్లలో ఆ షెడ్డు వైపు నుంచి నీ నవ్వు వినడం అదే మొదటిసారి. సముద్రం ఎక్కడికీ పోదు. మా చెల్లెలూ పోదు. లేత్ అమ్మితే నిన్ను గుమ్మంలో అడుగు పెట్టనివ్వను."

ఆయన పుల్ల తీసి జేబులో పెట్టుకున్నారు. ఒక డబ్బా తీసి గుండెలకి హత్తుకుని అలాగే నిలబడ్డారు. మా ఆయన కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను కోపమొచ్చినట్టు మొహం పెట్టాను కానీ కుదరలేదు.

డబ్బాల పక్కన ఒక ప్లాస్టిక్ సంచి నిండా ఎండుమిరపకాయలు కూడా కనిపించాయి. "ఇవి మాత్రం వద్దండీ, రవ్వలో పడితే మళ్లీ అందరం దగ్గుతాం," అన్నాను.

"రవ్వకి కాదు, దిష్టికి. నువ్వన్నమాట ఆయన చెబితే ముందే కొని ఉంచాను," అన్నారు పెద్దావిడ, డిక్కీ మూస్తూ. "అక్కడ నాలుగు పడ్డాక జనం ఆయన వంక ఎలా చూశారో చూడలేదా? ఇంటికెళ్లగానే ఎలా తిప్పాలో నాకు నేర్పు."

లేత్ కొంటానన్న మనిషికి సోమవారం పొద్దున నేనే ఫోన్ చేశాను. అమ్మడం లేదని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పానట.